కొత్త రోలర్ల అన్నం

"అమ్మమ్మా, తాతయ్య బియ్యం మిల్లులకి రబ్బరు రోలర్లు చేసేవారట కదా? మా కాలేజీ ల్యాబులో నేనూ రెండు రకాల రబ్బరు కలిపి ముక్కలు చేస్తున్నా. ఏది ఎంత అరుగుతుందో చూడాలి. ఆ సంగతులు చెప్పవా?"

ఏదీ, ఆ ముక్క ఇట్లా ఇవ్వు. కళ్ళజోడు ఎందుకే, బొటనవేలు చాల్లే. ఊఁ... అదే వాసన. ఈ వాసన తగిలిందంటే నేనీ భవానీపురం మేడమీద ఉండను గ్రేసీ. కాలవ గట్టుకి పోతాను.

చేసేవారు. అంతకుముందు ఆటోనగర్లో మా అన్నయ్య దగ్గర పని, అరిగిన టైర్లకి కొత్త రబ్బరు తొడగటం. మేం ఉండేదీ వన్ టౌన్లో అన్నయ్య ఇంట్లోనే. ఒక్క గది, దానికి కిటికీ కూడా... ఉంది, ఉంది, గోడవైపుకి తెరుచుకునేది. అన్నయ్య మంచివాడే, నోరే మంచిది కాదు. మీ తాతయ్య సొంతంగా షెడ్డు పెడతానన్న రోజు అన్నం ముందు కూచుని ఏమన్నాడో తెలుసా? "నీ రబ్బరు అరిగేలోపు నీ పొగరు అరుగుద్ది బావా. అప్పుడే వద్దువుగానిలే, నీ గది అట్లాగే ఉంచుతాను." నేను కంచం పక్కకి జరిపేశాను. రోలర్లు ఏమైతే నాకేంటి చెప్పు? ఆ గదికి మాత్రం మళ్ళీ పోకూడదు, అంతే.

షెడ్డు గన్నవరం అవతల, కాలవ పక్కన. బస్సు టిక్కెట్టు ముప్పావలా. కాదు కాదు, అర్ధరూపాయి, తర్వాత పెంచారు. వెనక గదిలోనే కాపురం. మధ్యాహ్నం పూట పడుకుంటే కాలవ నీళ్ళ మెరుపు పైరేకుల మీద ఆడుతుండేది. అట్లా చూస్తూ చూస్తూ నిద్రపోయేదాన్ని.

ఏం చెబుతున్నా? ఆఁ, రోలర్లు. రెండు అరచేతుల మధ్య వడ్లగింజ పెట్టి, ఒక చెయ్యి నిదానంగా, ఒక చెయ్యి గబగబా లాగావనుకో, పొట్టు ఊడుద్ది కదా? మిల్లులో ఆ రెండు చేతులూ రబ్బరువి. ఒకటి జోరుగా తిరుగుద్ది, రెండోది నింపాదిగా. గింజ పైనుంచి దిగాలి, చొక్కా విప్పుకుని కిందపడాలి. ఇవి మీ తాతయ్య మాటలే, నావి కావు.

మేం ఇద్దామనుకున్న మిల్లులో ఒక పద్ధతుంది. కొత్త రోలర్లు బిగిస్తే మొదటి బియ్యం అక్కడే మూడురాళ్ళ పొయ్యి మీద వండాలి. కూరా లేదు, పచ్చడీ లేదు, ఉత్త ఉప్పుతో తినాలి. మిల్లు ఆయన తల్లి, వెంకాయమ్మగారని, ఆవిడ తిని సరేనంటేనే ఆ రోలర్లు ఉంటాయి. లేకపోతే విప్పి గుమ్మం బయట పెట్టేస్తారు.

మీ తాతయ్య టైర్ల మనిషి కదా. టైరు గొప్పంతా అరక్కపోవటమేగా. అదే బుద్ధితో టైర్లలో కలిపే మసి దండిగా వేసి, మొదటి జత రాయిలాగా చేశారు. అరగలా తల్లీ. పొద్దస్తమానం ఆడినా వెంట్రుకంత అరగలా. కానీ వడ్లు కూడా వడ్లుగానే జారిపోయినయ్యి. గట్టిగా బిగిస్తే అన్నీ నూకలే. పైగా గింజల మీద నల్లటి మరకలు. వెంకాయమ్మగారు దోసిట్లో పోసుకుని చూసి, "ఏమయ్యా, మా బియ్యానికి కాటుక పెట్టావు, పెళ్ళిచూపులా?" అంది. మిల్లంతా నవ్వులు. ఆయన ఇంటికొచ్చి చెబుతుంటే నాకు మాత్రం వన్ టౌన్ గది కనపడింది.

రెండో జతకి మసి మానేసి తెల్లపొడి వేశారు. మెత్తటి రబ్బరు, చెట్టుపాలతో చేసేది. అబ్బ, పొట్టు ఎంత బాగా ఊడిందే! తీరా అన్నం ఉడికేలోపు రోలరు జ్వరమొచ్చిన పిల్లాడిలా చిక్కిపోయింది. అరిగిందంతా ఎటు పోద్ది మరి? అన్నంలో వాసన. ఆవిడ ముద్ద పక్కన పెట్టి, "మేం తింటున్నది మా వడ్లా, నీ రబ్బరా? ఇంకొక్కసారి చూస్తా, ఆపైన మా పాతవే మాకు" అంది.

ఇక మిగిలింది, మొదటి జతకి వాడిన అరగని ఫ్యాక్టరీ రబ్బరునీ పట్టు ఉన్న చెట్టు రబ్బరునీ కలపటం. నువ్వు చేస్తున్నదే. కలిస్తేగా! ఒకటి కలిపే మిషనుకి చాపలా చుట్టుకుంటే రెండోది ముక్కలు ముక్కలుగా రాలేది. విసిగి విసిగి, దేన్నిదాన్ని విడిగా నలగనిచ్చారు. రెండూ ఒకలాగా మెత్తబడ్డాక అప్పుడు దగ్గరికి చేర్చారు. నేను తెల్లపొడి చల్లుతూ కూచునేదాన్ని. మిషను తిరుగుద్ది, రబ్బరు తిరుగుద్ది. ఎప్పుడు కలిసినయ్యో నేను చూడలా. చూసేసరికి ఒకటే రంగు.

మూడోసారి నేనూ మిల్లుకి పోయాను. ఊక దుమ్ము ఎండలో తేలుతుంటే మనుషులు నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు ఉన్నారు. ఆవిడ పీట మీద కూచుని, ఉప్పు నంజుకుని ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద. నేను లోపల ప్రార్థన చేసుకుంటున్నా.

"ఇవి అరుగుతాయా?" అనడిగింది.

అరగవండీ అనొచ్చు కదా ఆయన. "అరుగుతాయండీ. నిదానంగా" అన్నారు.

ఆవిడ వాసన చూసుకుంటూ ఇంకాస్త తింది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "వీటిని విప్పకురా. ఏమ్మాయ్, నువ్వూ కంచం తెచ్చుకో" అంది.

ఉత్త ఉప్పుతో తిన్నా గ్రేసీ. అంత అన్నం ఎప్పుడూ తినలా.

అన్నయ్య ఆ గది ఇంకొకళ్ళకి ఇచ్చేశాడు, కిటికీ కూడా పూడ్చేశాడంట. ఒకసారి పోయి చూద్దామనుకునేదాన్ని. ఏదో పని అడ్డం వచ్చేది...

నీ ముక్క మరీ గట్టిగా ఉందే. గోరు దిగటంలా. కాస్త అరగనీ దాన్ని, ఏం కాదు. ప్రభువు నిన్ను చల్లగా చూడాలి తల్లీ, నీ చేతిపని పదిమంది కంచాల్లోకి... ఆ ఫ్యాను కొంచెం తగ్గించు. చూడు, పైన వెలుతురు ఎట్లా ఆడుతుందో, అచ్చం కాలవ...