గీత మందం

పాత బ్యాటరీల ఫ్యాక్టరీ వెనక వీధిలో ఒక వంటిల్లు. ఇల్లు అమ్మజూపుతున్న ఆవిడ; కొనవచ్చిన మాస్టారు; పటంతో, సుద్దముక్కతో సర్వేయరు.

“ఆగండాగండి, పొయ్యిగట్టు మీద గీస్తారేమిటి?”

“గీత అక్కణ్ణించే పోతోందమ్మా. ఇటు మట్టిలో సీసం ఉంది. అటు లేదు.”

“అంటే సర్వేయరు గారూ, వంటిల్లు విషం, పడగ్గది శుభ్రం?”

“ఆఫీసు లెక్క అంతే మాస్టారూ.”

“అయితే అమ్మా, పడగ్గదికి మీరడిగిన ధరే ఇస్తాను. వంటింటికి సగం.”

“ఇదేం బేరమండీ! వంటెక్కడ చేసుకుంటారు?”

“పడగ్గదిలో.”

“మరి పడక?”

“వంటింట్లో... వద్దులెండి. పడకా అక్కడే.”

“సర్వేయరు గారూ, మీకు దణ్ణం పెడతాను. రెండడుగులు, రెండే రెండడుగులు పెరట్లోకి జరపండి.”

“జరపడానికి అదేమన్నా మంచమా అమ్మా?”

“ఇంతకీ ఎందుకమ్ముతున్నారమ్మా?”

“గాలి మార్పుకి.”

“గాలికేమైంది?”

“గాలికేం కాలేదు మాస్టారూ. మా చంటిదాని రక్తంలో సీసం ఉందన్నారు డాక్టరు. ఇది అమ్ముడైతే గానీ దాన్ని తీసుకుని కదల్లేను.”

“పాప వంటింట్లో పడుకునేదా?”

“పడగ్గదిలోనే.”

“అది శుభ్రం కదా!”

“పాకే పిల్లకి గీత సంగతేం తెలుస్తుందండీ? ఏదీ, ఆ పటం ఇలా ఇవ్వండి. ఇంత లావు గీతేమిటి?”

“పెన్సిలు మొద్దుబారిందమ్మా.”

“నేల మీద ఈ లావు ఎంతుంటుంది?”

“ముప్ఫై అడుగులుంటుంది.”

“మా ఇల్లే ఇరవై ఎనిమిది!”

“అదే చెబుదామనుకుంటున్నా. మీరు ఇటూ లేరు, అటూ లేరు. గీతలో ఉన్నారు.”

“మరి ఈ సుద్దగీత?”

“ముప్ఫై అడుగుల సుద్దముక్క ఎక్కడ దొరుకుతుందమ్మా? ఏదో మధ్యలో గీశాను.”

“గీతలో ఉన్న ఇంటికి ధర ఎంత కట్టాలండీ?”

“ఫారంలో ఆ గడి లేదు మాస్టారూ.”

“ఇదిగో, ఇక్కడ చూడండి మాస్టారూ. తిన్నగా పోయే గీత వీధి చివర ఈ ఒక్క ఇంటినే తప్పించుకుంటూ వంగింది. ఎవరిది సర్వేయరు గారూ అది?”

“అదా... అది...”

“చెప్పండి.”

“నాదేనమ్మా.”

“అంటే అమ్మా, అసలు సిసలు శుభ్రమైన ఇల్లు! సర్వేయరు గారూ, అది నాకమ్మండి. ఎంతన్నా సరే.”

“గీత గీసిన మర్నాడే అమ్మేశానండి.”