ట్యాంకు మూత

నాలుగు మాటలన్నాననుకో. దానికి షెడ్డు మూసేస్తారా ఎవరైనా? ఆ స్పానర్లు గోతంలో వేయడం కాసేపు ఆపు మునీ. ఆ చప్పుడులో నా మాట నాకే వినపడటం లేదు.

కూర్చోమనవా? సరే, నిలబడే చెప్తాను. మీ అమ్మ కూడా ఇంతే. ఇంటికెవరైనా వస్తే చాప యాడుందో మరిచిపోయేది.

కడలూరులో ఎవరి దగ్గరో పనికి కుదిరావంట. ఇరవై ఏళ్లుగా ఈ కోసపాళయంలో సొంత షెడ్డు నడిపినవాడివి, సోమవారం నుంచి ఆడ ఇంకొకడి కింద నట్లు తుడుస్తావా? ఎందుకంటే, ఈ వీధి బండ్లు ఒక్కటీ ఇటు తొంగి చూడటం లేదంట. అది నా వల్లనంట.

నిజమే, నేనే చెప్పాను. మా బండిలో మంచి పంపు పీకి అమ్ముకుని, పనికిరానిది బిగించావని చెప్పాను. కొళాయి దగ్గర చెప్పాను, పాల బూత్ దగ్గర చెప్పాను. అడిగినవాళ్లకు చెప్పాను, అడగనివాళ్లను నిలబెట్టి చెప్పాను.

మరి నన్నేమనుకోమంటావు? ఆ పాత డీజిల్ కారు ఇంటి ముందు బుద్ధిగా స్టార్టవుతుంది. మురుంగపాక్కం దాటుతుంది. కిరుమాంబాక్కం వచ్చేసరికి నాలుగు దగ్గులు దగ్గి చచ్చిపోతుంది. అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. అదీ యాడ ఆగుతుంది? రోడ్డు పొడుగునా ఇంకెక్కడా చోటు లేనట్టు, బ్రాందీ షాపు ముందర. మూడుసార్లు ఆగేసరికి కొళాయి దగ్గర ఆ పక్కింటి అన్నమ్మాళ్ నాతోనే అంది, "మీ ఆయన బండికి దాహం ఎక్కువలే అక్కా" అని. బిందె మోయడానికి నడుం వంగదు గానీ, ఇట్లాంటి మాటకు దానికి ఎక్కడలేని ఓపిక.

నీ దగ్గరికి తెస్తే ఫిల్టర్ మార్చావు. పైపులో గాలి దూరుతోందని పైపు మార్చావు. పంపు విప్పి బిగించావు. చివరికి బానెట్ మీద డబ్బా కట్టి, అందులోంచి నేరుగా డీజిల్ పట్టించి నడిపావు. ఆ పూట మాత్రం బండి కడలూరు దాకా పోయొచ్చింది. "ఇంజను మంచిదే పెద్దమ్మా, లోపం ట్యాంకు వైపే ఉంది" అన్నావు. ట్యాంకు దించి కడిగావు. బాగైపోయిందన్నావు. మూడో రోజు మళ్లీ అదే బ్రాందీ షాపు.

అప్పుడు ఆ త్యాగరాజన్ చెప్పాడు, ముని పంపు మార్చేసుంటాడని. రవాణా ఆఫీసులో ప్యూను పని చేసి రిటైరైనాడు గదా, బండి గురించి ఆయనకు తెలిసింది దాని నంబరొక్కటే. అయినా నమ్మాను. మా ఆయన తాగుతున్నాడనే దానికంటే నువ్వు దొంగవనేది నాకు బాగుంది.

అట్లా చూడకు. అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు కవిప్రియ నిశ్చితార్థానికి పోతున్నాం. మళ్లీ అక్కడే ఆగింది. పట్టుచీర కట్టుకుని ఎండలో నిలబడి, ఈ కోసపాళయం దాకా వినపడేలా నిన్నే తిడుతున్నాను. డీజిల్ ఎంతుందో పుల్ల పెట్టి చూద్దామని మా ఆయన ట్యాంకు మూత తిప్పాడు. బుస్సుమంది. పామనుకుని నేను రోడ్డుకవతల ఉన్నాను. ఆయన పోయి తాళం తిప్పాడు. బండి లేచింది. అరగంట కాదు, అర నిమిషం కూడా ఆగలేదు.

ఆయన మూత ఎత్తి వెలుతురులో చూశాడు. ఆ మూతకు సన్నటి రంధ్రం ఉంటుందంట గదా. డీజిల్ తగ్గేకొద్దీ అందులోంచి గాలి లోపలికి పోవాలంట. పోకపోతే పంపు ఎంత పీల్చినా చుక్క రాదంట. ఆ రంధ్రం మూసుకుపోయి ఉంది.

దేంతో అని అడగవేం?

చందనం. ఈ బండి మా ఇంటికొచ్చిన నాటి నుంచి శుక్రవారం శుక్రవారం స్టీరింగుకు, నాలుగు చక్రాలకు, ట్యాంకు మూతకు చందనం రాసి కుంకుమ పెట్టేది ఎవరనుకున్నావు? సరిగ్గా నడిమధ్యన. నీ షెడ్డు నుంచి వచ్చినప్పుడల్లా, శుక్రవారం కాకపోయినా, నీ చెయ్యి పడింది గదా అని ఇంకాస్త మందంగా. నువ్వు మూత శుభ్రంగా తుడిచి పంపించేవాడివి. నేను మళ్లీ పెట్టేదాన్ని.

నవ్వు, పర్వాలేదు. ఆయన నవ్వలేదు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో నన్ను ఒక్క మాట అనని మనిషి గోవిందస్వామి. ఇంటికొచ్చి తాళం నా చేతిలో పెట్టి, "మునికి నువ్వే చెప్పాలి. అందాకా ఆ బండి నేను ముట్టను" అన్నాడు.

నీ దగ్గరికి రాకముందు వీధికే చెప్పి చూశాను. నిన్న కొళాయి దగ్గర, ముని తప్పేమీ లేదు, నా చందనమే అడ్డం పడిందని అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. నిన్ను వెక్కిరిస్తున్నాననుకున్నారు. సాయంత్రానికి అది త్యాగరాజన్ అరుగు దాకా పోయి, పంపు దొంగిలించిన ముని నేరం దేవుడి చందనం మీదకు తోస్తున్నాడంట అని తిరిగొచ్చింది. నువ్వు దొంగవంటే ఒక్క పూటలో నమ్మినవాళ్లు, కాదంటే కథలు చెప్తున్నానంటారు. నేనేం చెయ్యను?

ఇదిగో మూత. కొంగులో కట్టుకుని తెచ్చాను. చందనం అట్లాగే ఉంది, గోకలేదు. ఆ గోడకు మేకు కొట్టి తగిలించు. ఎవరైనా అడిగితే మా పెద్దమ్మ ధనభాగ్యం పెట్టిన బొట్టు అని చెప్పు. నేను వచ్చి నీ పక్కన నిలబడతాను, నోరెత్తకుండా. ఎంతసేపు నిలబడగలనో మాత్రం చెప్పలేను.

తప్పైందని అనమంటావా? మీ అమ్మతోనే ఏనాడూ అనలేదు.

ఆ గోతంలో రంధ్రం ఉన్న మూత ఇంకొకటి ఉంటే ఇయ్యి. బండి ట్యాంకు తెరుచుకుని ఇంటి ముందర నిలబడుంది. మా ఇంట్లో నోటికి మూత ఉన్నది దానికొక్కదానికే. అదీ నీకే ఇచ్చేశాను.