‘తర్వాత చూద్దాం’ అనే ఫోల్డరు

అధ్యక్షత వహించిన డైరెక్టరు గారికి, నాకంటే ముందు ఈ నీటి పరీక్షల లాబొరేటరీలో పనిచేసి, ఇవాళ ఓపిక చేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, ముప్పై ఒక్క ఏళ్ళు నా కోపాన్ని భరించిన సహోద్యోగులకు నమస్కారం. మైకు ఇచ్చేముందు డైరెక్టరు గారు, అయిదు నిమిషాల్లో ముగించండమ్మా అన్నారు. నా మీటింగుల్లో ఎంతసేపు కూర్చున్నారో ఇంకా మరిచిపోయినట్టు లేరు. (నవ్వులు)

ఇందాక సన్మానపత్రంలో, వచ్చిన ఏ ఉత్తరాన్నీ నేను చదవకుండా వదల్లేదని చదివారు. ఆ ఒక్క వాక్యం కొట్టేయమని అడగడానికే నిలబడ్డాను.

పాతవాళ్ళకు ‘చాదస్తం గారు’ గుర్తుండే ఉంటారు. నీటి నమూనాలు పరీక్షించేవారు. సీసా మూత సరిగ్గా బిగించలేదని ఒక మెయిలు, ఫ్రిజ్ ఒక డిగ్రీ ఎక్కువుందని ఇంకొకటి, రోజుకు పదీ పదిహేనూ నాకు రాసేవారు. ఆ పేరు పెట్టింది నేనే. వెనక వరసలో నవ్వుతున్నావు కదమ్మా, నీకూ తెలుసు. (నవ్వులు) ఆ మెయిళ్ళతో ప్రాణం విసిగి, ఆయన దగ్గర్నుంచి ఏది వచ్చినా నేరుగా వేరే ఫోల్డరులోకి వెళ్ళిపోయేలా ఏర్పాటు చేసుకుని, దానికి ‘తర్వాత చూద్దాం’ అని పేరు పెట్టి, దాని సంగతే మరిచిపోయాను.

పదకొండేళ్ళ కిందట వానాకాలంలో, తూర్పు ట్యాంకు నీళ్ళు తాగి వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. ముగ్గురు పోయారు. అందులో ఇద్దరు బడికెళ్ళే పిల్లలు. సరఫరా ఆపాలంటే నా సంతకం కావాలి. ముందురోజు నేను ఊరవతల మీటింగులో, ఫోను ఆపేసుకుని ఉన్నాను. ఆ రోజే మేడమ్‌కి మెయిలు పెట్టానని ఆయన విచారణలో చెప్పారు. చూపిద్దామంటే, విచారణ నాటికి ఆయన కంప్యూటరు పాడై మూలపడింది. నన్నడిగితే ఇన్‌బాక్స్ తెరిచి చూపించి, రాలేదన్నాను. అబద్ధమాడుతున్నానని నాకే తెలియదు. ఆయన నావైపు చూసి, "ఇంకోసారి వెతకండి మేడమ్" అన్నారు, అంతే. నేను వెతకలేదు. ఆయన ఉద్యోగం పోయింది. నాలుగేళ్ళకు ఆయనా పోయారు.

పోయిన నెల మనకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి కదా. నా పాత మెయిళ్ళు వాటిలో ఎంతకీ తెరుచుకోకపోతే, మన కంప్యూటర్ల ఇంజనీరమ్మ రెండు రోజులు కుస్తీ పట్టి తెరిచి, ఇందులో చదవనివి నాలుగువేల పైచిలుకున్నాయి, తీసేయమంటారా మేడమ్ అని అడిగింది. కూర్చుని చూశాను.



ఉంది. ఉదయం పదీ నలభైకి వచ్చింది. "తూర్పు ట్యాంకు నీళ్ళు తాగేలా లేవు. మీ ఫోను కలవడం లేదు. వెంటనే సరఫరా ఆపించండి." సాయంత్రంలోగా ఇంకో మూడు. ఆఖరుదాంట్లో, విసిగిస్తున్నందుకు క్షమించమని కూడా రాశారు.

ఆ నాలుగు కాగితాలు పట్టుకుని ఆయన భార్య దగ్గరికి వెళ్ళాను. బట్టలు బాగుచేసే చిన్న కొట్టు నడుపుతోంది. మిషను ఆపి, నాలుగూ చదివి, నన్ను కూర్చోమంది. తిడితే బాగుండుననుకున్నాను. తిట్టలేదు.

"నేనూ నమ్మలేదండీ," అంది. "నిజంగా పంపారా, గుర్తు తెచ్చుకోండి అని పోయేదాకా అడుగుతూనే ఉన్నాను. చివరికి ఆయనే, పంపలేదేమోలే అన్నారు."

క్షమించమని అడక్కుండానే లేచి వచ్చేశాను.

ఆ కాగితాలూ, నా వాంగ్మూలమూ ఈ ఉదయం డైరెక్టరు గారికి ఇచ్చాను. వెళ్ళిపోయే రోజున ఎందుకమ్మా, ఆ ఫైలు ఎప్పుడో మూసేశాం కదా అన్నారు, నా మంచికే. నా మాట మీదే మూశారండీ, తెరవమంటున్నదీ నేనే. తెరిచినంత మాత్రాన ఆ పిల్లలు రారు, ఆయన రారు, ఆవిడ అడిగిన ప్రశ్న వెనక్కి పోదు. తెలిసే అడుగుతున్నాను.

ఈ సభ ఏర్పాటు చేసిన వారికి, పనులు మానుకుని వచ్చిన మీకందరికీ కృతజ్ఞతలు. నా ఇంటి చిరునామా ఆఫీసులో రాసిచ్చాను. విచారణకు ఎప్పుడు పిలిచినా వస్తాను. చప్పట్లు మాత్రం కొట్టకండి. సెలవు.