సౌభాగ్యమ్మ ముద్దకి సముద్రం నున్నబడింది

సరోజ మొహం పొంగి, ఎర్రగా కందిపోయింది. బుగ్గ మీద రెండు మొటిమలుంటే సౌభాగ్యమ్మ పిన్ని నూరిచ్చిన ఆకుముద్దని ఆదివారం ప్రార్థనకి వెళ్లొచ్చాక రాసుకుంది. మంగళవారానికి ఇదీ వరస. ఎల్లుండి బందరు ట్రైనింగు స్కూల్లో చేరాలి. ఇది అంటురోగం కాదని కాయితం ఉంటేగాని హాస్టల్లోకి రానివ్వరు. ఆస్పత్రి డాక్టరుగారేమో, "ఏ ఆకు రాశారో తెలిస్తేగాని రాయను, అడిగి రా అమ్మాయ్" అని తిప్పి పంపారు.

ఓణీ చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని పిన్ని అరుగు దగ్గరికి వచ్చింది. అక్కడ పిన్నీ, పక్కింటి వెంకాయమ్మా, ముసలి తాతమ్మా ఎండురొయ్యల తలలు తుంచుతున్నారు.

"పిన్నీ, ఆ ముద్దలో ఏ ఆకు వేశావు?"

"ఏ ఆకా? కూర్చోవే, ఊరికే చెప్తే దాని విలువ తెలియదు. ఆ ఎరుపు చూసి బెదిరిపోకు, లోపలి వేడంతా బయటికొస్తోంది. మొదట ఈ మందు మన పాస్టరమ్మగారి నుదుటి మీద చెమటకాయలకి రాశాను, పొద్దున రాస్తే సాయంత్రానికి లేవు, ఔనా వెంకాయమ్మా?"

"వానొచ్చి తగ్గాయి వదినా అవి."

"వానకి ముందే తగ్గాయిలే! ఆవిడ గుడివాడలో వాళ్ల అన్నగారికి చెప్పిందిట, ఆయనకి గడ్డం చుట్టూ తామర, పదేళ్లనించీ గొరిగించుకోలేక రుషిలా ఉన్నాడు పాపం. వెళ్లి ఒక్క పట్టు వేశాను. మూడోనాటికి తామర ఊడింది, గడ్డం ఊడింది, ముడతలూ ఊడాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్లావిడ తలుపు తీసి, 'ఎవరబ్బాయివి బాబూ, మా ఆయన ఇంట్లో లేరు' అంది!"

"పిన్నీ, ఆకు పేరు..."

"అక్కడికే వస్తున్నానే. ఇంటికొచ్చి ఆ నూరిన గిన్నె కాలవలో కడిగానా, దిగువన మన వెంకటస్వామి గేదె నీళ్లలో పడుకుని ఉందా, లేచేసరికి ఒంటి మీద నలుపన్నది లేదు, వెన్నముద్దలా నిగనిగలాడుతోంది. దాని దూడే దాన్ని చూసి పారిపోయింది. ఇక కాలవలో చేపలకి పొలుసులన్నీ రాలిపోయి, ఆ వారం ఊళ్లో ఆడవాళ్లకి చేపలు తోమే పనే లేదు."

"మా ఇంటికి మాత్రం పొలుసులతోనే వచ్చాయే?" అంది వెంకాయమ్మ.

"మీరు చెరువు చేప కొనుంటారు. ఆ నీళ్లు అలా అలా వెళ్లి హంసలదీవి దగ్గర సముద్రంలో కలిశాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సముద్రం మొహం మీద ఒక్క అల లేదు! ఇస్త్రీ దుప్పటిలా పరుచుకుంది. పడవలు నిలబడవే, జారిపోతున్నాయి. చేపలు పట్టేవాళ్లు బండి కట్టుకొచ్చి నా కాళ్ల మీద పడ్డారు, 'అమ్మా, అల లేకపోతే మేం బతకలేం' అని. సరే పొండని రెండు బస్తాల దురదగొండాకు తీసుకెళ్లి ఒడ్డున దులిపాను. అప్పుడు మొదలెట్టింది సముద్రం గోక్కోవటం, ఇప్పటికీ ఆపలేదు!"

అందరూ ఘొల్లుమన్నారు. సరోజ కూడా నవ్వబోయింది. బుగ్గ చిట్లినట్టయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఒంటిగంట బస్సుకి వెళ్లి చెప్పకపోతే కాయితం రాదు పిన్నీ. నా సీటు ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు."

"గుంటగలగరాకేనే, ఇంకేం ఆకు! మన వరిగట్టు కిందే కోశాను."

తాతమ్మ చేతిలో రొయ్యలు చాటలో వేసి అడిగింది.

"గుంటగలగరాకు నలిపితే అరచెయ్యి నల్లబడుతుంది, నాలుగు రోజులు వదలదు. నీ చెయ్యి నల్లబడిందా సౌభాగ్యం?"

సౌభాగ్యమ్మ అరచెయ్యి తిప్పి చూసుకుంది.

"లేదు" అంది నెమ్మదిగా. "మండింది. పొక్కులు కూడా లేచాయి. కారం నూరిన రోలు కదా, దాని మంటేమో అనుకున్నాను."

"తెల్లపువ్వు ఉందా దానికి?"

"పువ్వు చూళ్లేదు. తడిలో పచ్చగా ఉంటే కోసేశాను."

"అయితే అది అగ్నివేండ్రపాకు. వరిచేలో దాని పక్కనే మొలుస్తుంది. ఒంటికి తగిలితే బొబ్బలే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సౌభాగ్యమ్మ లేచి, కొంగు చేతికి చుట్టుకుని, చేలోకి వెళ్లి ఆ మొక్కని వేళ్లతో సహా పీక్కొచ్చింది.

"పదవే. డాక్టరుగారికి దీన్ని చూపించి నేనే చెప్తాను, ఇది రోగం కాదు, నా చేతి నిర్వాకం అని."

"ఒంటిగంటకి కదా వదినా బస్సు? నాలుగు మెతుకులు తిని వెళ్లు."

"వద్దులే వెంకాయమ్మా. పిల్ల మొహం మండుతోంది."