కారణం తెలియని జ్వరం

అడవి అంచున ఒక సర్కారు దవాఖానా. మధ్యాహ్నం, రికార్డుల గది. ఫోన్ చేతిలో పట్టుకుని డాక్టర్ కళ్యాణి, కంప్యూటర్ ముందు, రోగుల జబ్బులకు కోడ్ నంబర్లు ఎక్కించే రాజేష్.

"అంబులెన్సు బూర్గంపాడు దాటింది రాజేష్! ఖమ్మం డాక్టర్లు లైన్ల ఉన్నరు. అండ్ల పోతున్న శ్యామలకు మొదటిసారి ఏం జబ్బని రాసిండ్రో జల్దీ చెప్పు."

"చూస్తున్న మేడం. 'జ్వరం, కారణం తెలియదు.' ఆ కోడే ఉంది."

"రెండోసారి వచ్చినప్పుడు?"

"అదే."

"మూడోసారి?"

"అదే మేడం."

"ఐదు వారాలల్ల మూడుసార్లు! నాలుగు రోజులు కాలుడు, వారం చల్లబడుడు, మళ్ళ కాలుడు. గిదంతా కారణం తెలియకుండనే? కేసు షీటు ఏది?"

"కట్టలు కట్టి స్టోరుకు పంపినం. వెతకాలె."

"మొదట చూసిన డాక్టర్ బదిలీ మీద పోయిండు, ఫోన్ కలుస్తలేదు. ఏడో నెల కడుపుతోని ఉంది ఆ పిల్ల. ఖమ్మంల మళ్ళ మలేరియా మందుతోనే మొదలుపెడతమంటున్నరు. ఏంది, ఇంకెంతసేపు?"

"నెట్ స్లో ఉంది మేడం."

"ఆగాగు. స్క్రీన్ కిందికి జరపకు. ఎర్ర అక్షరాలల్ల 'మార్చబడినది' అని ఉంది, అదేంది?"

"అది... సిస్టం అట్లనే చూపిస్తది."

"సిస్టం దానంతట అదే మారుస్తదా? ఎవరి లాగిన్ ఇది? నీ పక్క సీటు నాగలతదా?"

"నాగలతదే."

"ఏడ ఉంది ఆమె?"

"అన్నం తినొస్తనని పోయింది. ఆమెకు తెల్వకపోవచ్చు మేడం. లాగిన్ బంద్ చెయ్యకుండనే లేస్తది. అందరం అంతే..."

"అందరమా?"

"అందరు. అందరు అంతే."

"ఇయ్యాల్నే మెమో ఇస్త ఆమెకు. కోడ్ సరిగ్గ పోయుంటే శ్యామల గూడేనికి టీం పోయేది, మందులు పోయేటియి, ఇండ్లల్ల మందు కొట్టేటోళ్ళు. ఒక్క కోడ్ మార్చి అంతా ఆపిండ్రు! ...ఎవరమ్మా, లోపలికొస్తున్నవ్?"

"భీమక్కనమ్మా. శ్యామల తల్లిని. బండిల ఒక్కరికే జాగ అన్నరు, అల్లుడు ఎక్కిండు. నా బిడ్డ ఏడిదాక పోయిందో సారును అడుగుదామని..."

"పొద్దటి నుంచి ఈ కిటికీ కాడనే నిలబడ్డవ్ కదా. ఈ సారు నీకు ఎరుకేనా?"

"ఎరుక లేదమ్మా. సారు... మంచి సారు."

"రాజేష్, తలెత్తు. నువ్వే చెప్పు ఈమెకు. 'నీ కూతురికి ఏం మందియ్యాలో మాకు తెల్వదు' అని చెప్పు."

"మలేరియా మందు వద్దు మేడం."

"ఏంది?"

"వద్దని చెప్పండి వాళ్ళకు! అసలు కోడ్ ఏ-68. తిరగబెట్టే జ్వరం. మొదటిసారే రక్తంల తీగె చుట్టల లెక్క పురుగులు కనవడ్డయని ల్యాబ్ కాయిదం వచ్చింది. అప్పటికే ఆమె ఇంటికి పోయింది. డాక్టర్ సారు కేసు షీటు మీద రాసి పంపిండు."

"హలో, విన్నరా? రిలాప్సింగ్ ఫీవర్. అవ్, గర్భిణి. ఆమెకు పడే మందే మొదలుపెట్టండి... రాజేష్, ఇది నీకెట్ల తెలుసు?"

"నిరుడు ఇదే కోడ్ ఇంకో గూడెం పేరు మీద వచ్చింది మేడం. పేల వల్ల వస్తదని కోడ్ బుక్కుల ఉంటే మా గదిల పనిచేసే శ్రీనివాస్ గట్టిగ చదివిండు. అడివోళ్ళ తలకాయలల్ల పేలు గాక మల్లెపూలుంటయా అన్నడు. గదంతా నవ్విండ్రు."

"నువ్వు?"

"అందరికంటె గట్టిగ నవ్విన."

"ఛీ! పేలే కాదు, గోమారి పురుగు కుట్టినా వస్తది ఆ జ్వరం. ఎలుకలు తిరిగే మట్టిగోడ ఉంటే చాలు. అందుల సిగ్గేంది? అయినా ముదిగొండ నుంచి వచ్చిన నాగలతకు ఆ గూడెంతోని ఏం పని? ఆమె ఎందుకు మారుస్తది?"

"ఆమె మార్చలే."

"మరెవరు? నువ్వా? నీది మణుగూరు కాలనీ అంటివి. నీకేం సంబంధం?"

"సారునేం అనకు తల్లీ. ఆయనకేం తెల్వదు. సారూ, నువ్వేం చెప్పకు. నేను పోయి బయట కూసుంట..."

"ఆగే అమ్మా! ఇంక సారు అనకు. నేనే అట్ల పిలువమన్న, నా నోరు పడిపోను. మేడం, జ్వరం తగ్గిందంటే పోయిందనే అనుకున్న. మళ్ళ వచ్చినప్పుడు చెప్పుదామంటే నోరు రాలే. నాగలత పేరు కొట్టెయ్యండి. కోడ్ మార్చింది రాజేష్ అని రాయండి. ఈ భీమక్క కొడుకు. శ్యామల అన్న."