చాప మీద కూర్చునే పని

అధ్యక్షత వహిస్తున్న చంద్రశేఖర్ సారుకు, ఇన్నేళ్లు నన్ను ఓర్చుకున్న మా శిక్షకురాలు నవనీత మేడమ్‌కు, గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి బస్సులు మారి వనపర్తికి వచ్చిన అంగన్‌వాడీ టీచరమ్మలకు, ఆయమ్మలకు, తలుపు దగ్గర నిలబడ్డ మా డ్రైవర్ బాలరాజుకు పేరుపేరునా సలాం, నమస్కారం.

నాకు మైకు ముందు మాట్లాడటం రాదు. ఈ శిక్షణ కేంద్రంలో మైకు పెట్టిందీ తీసిందీ నేనే గానీ, దాంట్లో 'హలో, హలో' తప్ప ఇంకేమీ అనలేదు. (నవ్వులు) అందుకే కాగితం మీద రాసుకొచ్చాను. కోడేరు బడిలో ఐదో తరగతి దాకా చదివిన చదువు, తప్పులుంటే మేడమ్ దిద్దుతారు. శాలువా కప్పిన వాళ్లకు, నా గురించి మంచిగా చెప్పిన వాళ్లకు ముందే షుక్రియా చెప్పేస్తున్నాను. చివరిదాకా ధైర్యం ఉంటుందో లేదోనని అసలు సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. నేను పని మాని పోతున్నానని వచ్చే నెల టైంటేబుల్‌లో చాప క్లాసు తీసేశారు. దాన్ని ఉంచమని సారును అడగటానికి ఈ మైకు దగ్గరికి వచ్చాను. సార్ ఇప్పుడే జవాబు చెప్పొద్దు, కొంచెం వినండి.

సార్ ఈ ఎండాకాలంలోనే బదిలీ మీద వచ్చారు, చాప క్లాసు చూడలేదు. ఇక్కడ టీచరమ్మలకు నేర్పటానికి సామాను చాలా ఉంది: పుస్తకాలు, బొమ్మల కార్డులు, గోడకు తగిలించే చార్టులు, చెక్క దిమ్మెలు, పిల్లల బరువు చూసే మిషను. పొద్దున వాటిని పరిచేది, సాయంత్రం ఏరి సర్దేది నా పని. అన్నీ ఉన్నాయి, పిల్లలే లేరు. మూడేళ్ల పిల్లలను ట్రైనింగుకు రమ్మని పిలవలేం కదా. అందుకని కొత్త పిల్లవాడు కేంద్రానికి వచ్చి ఏడిస్తే, బిగుసుకుని కూర్చుంటే ఏం చెయ్యాలో నేర్పే రోజున, ఒక టీచరమ్మను పిల్లలా కూర్చోబెట్టి ఇంకో టీచరమ్మతో మాట్లాడించేవారు. ఆ కూర్చున్నామెకు జవాబు ముందే తెలుసు, ఎదుటామె కష్టం కూడా తెలుసు, పాపం తొందరగా ఊరుకునేది. లేదంటే ఇద్దరికీ నవ్వొచ్చేది.

ఒకరోజు మేడమ్ విసుగొచ్చి అటూ ఇటూ చూశారు. నేను నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చుని ఉన్నాను.

"ఫకీర్ తాతా, జర ఇటొచ్చి చాప మీద కూసో. నువ్వు మూడేండ్ల పిల్లగానివి."

"నాకు మాట్లాడుడు రాదు మేడమ్."

"మాట్లాడకు. నాక్కావాల్సింది గదే."

కూర్చున్నాను. ఇంతమంది ఆడవాళ్ల ముందు కూర్చోవటం నాకు అదే మొదటిసారి, తల పైకెత్తలేకపోయాను. చేతిలో తువ్వాలు ఉంటే దాని కొస నలుపుతూ ఉన్నాను. మేడమ్ అందరికీ చూపించి, "సూడుండ్రి, అచ్చం మొదటి రోజు పిల్లగాడే" అన్నారు. నేను నటించలేదు సార్, భయపడ్డాను. (నవ్వులు)

అప్పటి నుంచి బ్యాచ్ బ్యాచ్‌కు అదే పని. నా మీద ఎన్నెన్ని ప్రయోగాలు అయ్యాయో! ముగ్గురు కలిసి మీదికి వంగి, "పేరేంది బిడ్డా? బువ్వ తిన్నవా? అమ్మ యాడికి వోయింది?" అని ఒక్కసారే అడుగుతారు. కింద కూర్చున్నవాడికి నిలబడ్డ మనిషి ఎంత ఎత్తుగా కనిపిస్తాడో కూర్చుంటే గానీ తెలియదు. ఒకామె గిలక్కాయ తెచ్చి చెవి దగ్గర ఆడించింది. ఇంకొకామె, పేరు చెప్పను, ఈ హాలులోనే ఉంది, "ఊకో, లేకుంటే పోలీసోడొస్తడు" అంది. మేడమ్ వెంటనే ఆపి, "తాత ఊకున్నడా, బెదిరిండా?" అని అందరినీ అడిగారు. వేరే బ్యాచ్‌లో ఒకామె పేరు చెబితే చాక్లెట్ ఇస్తానంది, చెప్పాను. సాయంత్రం సామాను సర్దేటప్పుడు వెళ్లి చెయ్యి చాపాను. "తాతా, గది ఉట్టిగనే అన్న" అంది. మేడమ్ అది విని, మర్నాడు పొద్దున క్లాసు అంతా దాని మీదే చెప్పారు: పిల్లలకు ఇస్తానన్నది ఇవ్వాలి, ఇవ్వలేనిది అనొద్దు. చాక్లెట్ కూడా వచ్చింది. (నవ్వులు)

బిజినేపల్లి వైపు నుంచి వచ్చే భాగ్యమ్మ టీచరమ్మ సంగతి చెప్పాలి. ఆమె వచ్చి ఏమీ అడగలేదు. నాకు ఎదురుగా కాకుండా పక్కన, ఒక మూరెడు దూరంలో కూర్చుని, కొంగులో నుంచి చింతగింజలు చాప మీద పోసుకుని నల్లవి ఒక వైపు, ఎర్రవి ఒక వైపు వేస్తూ ఉంది. నన్ను చూడనే లేదు. కొంచెం సేపటికి ఒక పుచ్చు గింజను నల్లవాటిలో వేసింది. నా చెయ్యి నన్ను అడగకుండానే పోయి దాన్ని తీసేసింది. "గది పుచ్చింది" అన్నాను. హాలంతా చప్పట్లు. "ఔ గదా, నేను సూడలే" అని ఆమె తన పని తాను చేసుకుంటూనే ఉంది. అమ్మా, ఆ చప్పట్లు నీవి, నావి కావు.

మా ఇంటామె ఖతీజాబీకి మాత్రం ఈ పని అంటే వెటకారం. "ఆడ మాట్లాడకుంట కూసుంటె జీతమిస్తరు. ఇంట్ల పొద్దుగాలకెల్లి గదే జేస్తున్నవు, నేనెవర్నడగాలె జీతం?" అంటుంది. (నవ్వులు)

ఇప్పుడు ఫోనులో వీడియో పాఠాలు వచ్చాయి. వాటిని తప్పు పట్టటానికి రాలేదు. నేను కూడా చూశాను, మంచిగా ఉన్నాయి. ఎక్కడో తండాలో ఉన్న టీచరమ్మ రెండు బస్సులు మారకుండా ఇంటి దగ్గరే చూసుకోవచ్చు, అర్థం కాకపోతే మళ్లీ చూసుకోవచ్చు. కానీ సార్, ఆ వీడియోలో పిల్లవాడు ఏడుస్తాడు, టీచరమ్మ బొమ్మ ఇస్తుంది, ఊరుకుంటాడు. ఎన్నిసార్లు చూసినా అక్కడే ఊరుకుంటాడు. మన కేంద్రాల్లో పిల్లలు అక్కడ ఊరుకోరు.

కావ్యమ్మ మూడో వరుసలో ఉంది. బిడ్డా, నీ సంగతి చెప్పొచ్చునా? (ఆమె తల ఊపింది.) సార్ రాకముందు చివరి కొత్త బ్యాచ్‌లో గద్వాల పక్కనుంచి వచ్చింది, డిగ్రీ చదివింది, పొద్దున మేడమ్ ఏది అడిగినా జవాబు చెప్పింది. మధ్యాహ్నం చాప మీదికి వచ్చింది. పాట పాడింది, కార్డులు చూపించింది, ఏనుగులా నడిచి చూపించింది. నేను తల ఎత్తలేదు. ఏ మాత్రం ఎత్తబుద్ధి అయినా ఎత్తేవాణ్ణి, అబద్ధం చెప్పను. చివరికి ఆమె లేచి నిలబడి, "మేడమ్, ఈ తాత కావాలనే జేస్తుండు" అంది.

మేడమ్ అన్నారు: "పిల్లగాడు గూడ కావాలనే జేస్తడమ్మా. అప్పుడెవరికి జెప్తవు?"

ఆ పిల్ల బయటికి పోయి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఈ నౌకరీ నాతోని కాదు, ఇంటికి పోతనంది. నాకు పరేషానై నీళ్లు తీసుకుపోయి ఇచ్చాను. తాగింది. నేనూ పక్క మెట్టు మీద కూర్చున్నాను. బస్సు టైము దాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. మర్నాడు రాదనుకున్నాను, వచ్చింది. కార్డుల సంచి గోడ దగ్గర పెట్టేసి, చాప మీద నా పక్కన కూర్చుని, "నాకు గూడ భయమైతుంది తాతా" అని మెల్లగా అంది. నేను తల ఎత్తాను.

కిందటి నెల ఆమె మేడమ్‌కు ఫోను చేసింది. కేంద్రంలో ఒక పిల్ల చేరిన రోజు నుంచి గడప దగ్గరే కూర్చునేదట, లోపలికి పిలిస్తే ఏడ్చేదట. కావ్యమ్మ పని తెచ్చుకుని రోజూ గడప దగ్గరే కూర్చుందట. "ఇంకా మాట్లాడలే మేడమ్, పక్కకైతే ఒచ్చి కూసుంది" అంది. మేడమ్ ఫోను స్పీకరులో పెట్టి నాకు వినిపించారు. ఆ మాట విన్నాక చాప క్లాసు తీసేస్తుంటే ఊరుకోలేకపోయాను. అంతే సార్ నా సంగతి.

(చంద్రశేఖర్ గారు కూర్చున్నచోటి నుంచే, "మరి నువ్వు పోతున్నవు గదా తాతా, ఎవరు కూసుంటరు? అందుకే తీసేసినం" అన్నారు.)

తెలుసు సార్. నాకు మోకాళ్లు వంగటం లేదు, లేకపోతే ఇంకొన్ని రోజులు ఉండేవాణ్ణి. మనిషి కోసం నేనూ వెతికాను. బాలరాజును అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాడు. చాప మీద కూర్చోబెడితే, ఎవరూ అడగకముందే తన పేరు, ఊరు, బామ్మర్ది చేసే కంపెనీ అన్నీ చెప్పేశాడు. ఏడవరా అంటే, "ఏడుపొస్తలేదన్నా, చాయ్ తాగొస్త" అన్నాడు. (పెద్దగా నవ్వులు) బాలరాజూ, కోపం జేసుకోకు. నీది మాట్లాడే నోరు.

ఇంకొకరు ఉన్నారు. అడగొచ్చో లేదో తెలియదు. సార్, మీరే. తప్పుగా అనుకోవద్దు. మీటింగులో నలుగురు ఒక్కసారి అడిగితే మీరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉంటారు, మాట రాదు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తాను గదా. అలాంటి వాళ్లకే ఈ పని వస్తుంది. ఎప్పుడూ మీరే కూర్చోవాలని అనటం లేదు, ఒక్క మధ్యాహ్నం కూర్చోండి. లేచాక, అక్కర లేదనిపిస్తే తీసెయ్యండి, నేను మళ్లీ అడగను.

("ఎప్పుడు?" అన్నారు చంద్రశేఖర్ గారు.)

మంగళవారం కొత్త బ్యాచ్ వస్తోంది సార్.

(చంద్రశేఖర్ గారు కళ్లద్దాలు తీశారు, మళ్లీ పెట్టుకున్నారు. "సరే, కూసుంట" అన్నారు. చప్పట్లు.)

సంతోషం సార్. ఈ పని మీకు అప్పజెప్పి పోతున్నాను, కాబట్టి రెండు మాటలు చెప్పాలి. చెప్పులు విడిచి, గోడకు ఆనుకోకుండా కూర్చోండి. వాళ్లు పేరు అడుగుతారు. మీరు ఆఫీసరని భయపడి మెల్లగా అడుగుతారు, అయినా చెప్పొద్దు. చెప్పాలనిపించినప్పుడే చెప్పండి. అనిపించకపోతే తల దించుకుని ఉండండి, మేడమ్ ఏమీ అనరు. ఎవరైనా ఊరికే వచ్చి పక్కన కూర్చుంటే మాత్రం, కొంచెం అటు జరిగి చోటివ్వండి.

పెద్దలకు, అమ్మలకు మళ్లీ సలాం. కోడేరు బస్సుకు టైమైంది, సెలవిప్పించండి.