సాయంత్రానికి దాచుకున్న చేతులు

కీళ్ళ డాక్టరు గది. బల్లకి అటువైపు డాక్టరమ్మ, ఇటువైపు తల్లీ కూతురూ.

“తగ్గింది డాక్టరమ్మా. చాలా తగ్గింది. అంతా మీ చేతి చలవ.”

“అమ్మా! బయట బెంచీ మీద ఏం చెప్పమన్నాను, లోపలికొచ్చి ఏం చెప్తున్నావు?”

“ఉన్నదే చెప్తున్నానే.”

“ఉన్నదే అయితే పొద్దున నీకు తల ఎవరు దువ్వారు? ఈవిడ మాట నమ్మకండి డాక్టరుగారూ. మీ దగ్గరికి రావడమంటే పెళ్ళికి వెళ్తున్నట్టు ముస్తాబై, నవ్వుతూ కూచుంటుంది.”

“పోన్లెండి, కోప్పడకండి. ఏదమ్మా, పిడికిలి బిగించండి.”

“ఇదిగో.”

“ఇంకాస్త గట్టిగా.”

“ఇదే గట్టిగా.”

“ఇది పిడికిలా అమ్మా? గువ్వపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నావు.”

“నువ్వు కాసేపు నోరు మూసుకోవే. ఆవిణ్ణి చూడనీ.”

“నొక్కుతున్నాను. నొప్పి ఉంటే చెప్పండి. ఇక్కడ?”

“లేదు.”

“ఇక్కడ?”

“లేదమ్మా, లేదు... కొంచెం.”

“కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే కొంచెమేంటమ్మా?”

“గాలికి.”

“గాలెక్కడిదీ? కిటికీ కూడా మూసి ఉంటే!”

“సరే, వినండి. మీ రక్తపరీక్ష వచ్చింది. కీళ్ళ వాపు ఏమాత్రం తగ్గలేదు. అదొక ఎత్తు. ఒంట్లో రక్తం బాగా పడిపోయింది, అదొక ఎత్తు. కడుపులో మంటగా ఉంటోందా? విరేచనం నల్లగా అవుతోందా?”

“అమ్మా, నిన్నే అడుగుతున్నారు.”

“అప్పుడప్పుడు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“అవీ చెప్పుకునే మాటలేనా?”

“నొప్పి మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, భోజనం చేశాక వేసుకోమన్నాను. అలాగే వేసుకుంటున్నారా?”

“వేసుకుంటున్నానమ్మా.”

“ఇవాళ పొద్దున?”

“ఇవాళ... తొందరలో మర్చిపోయాను.”

“నిన్న పొద్దున?”

“నిన్న కూడా.”

“అమ్మా, ఆ డబ్బా నేను చూశాను. పొద్దున మర్చిపోతే మాత్రలు మిగలాలి కదా? నెల కాకుండానే ఎలా అయిపోయాయి?”

“నువ్వేమన్నా పోలీసువా?”

“కాదు, నీ కడుపున పుట్టాను. అందుకే అడుగుతున్నా.”

“సాయంత్రం వేసుకుంటాను డాక్టరమ్మా. అన్నీ ఒకేసారి.”

“అన్నీ అంటే?”

“మీరిచ్చినవి రెండూ, ఒక్కోరోజు మూడూ. చాలకపోతే మందుల దుకాణంలో కొన్నవి ఇంకో రెండు.”

“ఖాళీ కడుపుతోనా?”

“అయిదింటికి ఎవరు తింటారమ్మా?”

“అదీ సంగతి. కడుపులో పుండు పడి రక్తం కారుతున్నట్టుంది. ఇలాగే సాగితే నేను మీ కీళ్ళు కాదు, ప్రాణం సంగతి చూడాల్సొస్తుంది. ఆ మాత్రలు ఇవాళ్టితో బంద్. కడుపు పరీక్ష చేయిద్దాం, పుండు మానడానికి మందిస్తాను. అది కుదుటపడ్డాక కీళ్ళకి సూది మందు మొదలుపెడదాం. అది పట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అంతవరకూ రెండు చేతులకీ పట్టీలు. వేళ్ళు కదపడానికి వీల్లేదు.”

“పొద్దున కట్టుకుంటాను. మధ్యాహ్నం కట్టుకుంటాను. పడుకునేటప్పుడూ కట్టుకుంటాను. సాయంత్రం మాత్రం వద్దమ్మా.”

“ఏం, సాయంత్రం నీకేమైనా కచేరీ ఉందా?”

“వంట మానేస్తాను. బట్టలుతకడం మానేస్తాను. మీరేది మానమంటే అది మానేస్తాను డాక్టరమ్మా. ఆ ఒక్క పూటా వదిలెయ్యండి.”

“ఆ పూట ఏముందమ్మా అంత?”

“ఏముంది... మా ఆయన ఇంటికొస్తారు. అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టే పని ఆయనది.”

“రానివ్వండి. వంటా గింటా ఆయన్నే చూసుకోమని చెప్పండి.”

“చెప్పాలంటే చేతులుండాలి కదమ్మా.”

“నాకర్థం కాలేదు.”

“నేను చెప్తాను డాక్టరుగారూ. మా నాన్నకి వినపడదు. పుట్టుకతోనే. మాటా రాదు. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. అమ్మా... దీనికోసమా?”

“మరి దేనికోసమనుకున్నావే?”

“రాసి చూపించలేరా?”

“ఆయన పుస్తకాలు కుడతారు గానీ చదవలేరమ్మా. ఆయన్ని బడికెవరు పంపారు? ఈ చేతిమాటలు కూడా బళ్ళో నేర్చినవి కావు. పెళ్ళయ్యాక ఇద్దరం ఎదురెదురుగా కూచుని ఒక్కొక్కటీ కట్టుకున్నాం. మా పిల్లకే సగం తెలీవు.”

“ఏంటవి అనడిగితే, నీకు సంబంధం లేనివి అంటారు.”

“ఉంటాయి మరి, మొగుడూపెళ్ళాల మాటలు.”

“అమ్మా!”

“రోజంతా ఆయనతో మాట్లాడే దిక్కుండదు డాక్టరమ్మా. అక్కడ అందరూ ఆయన్ని చూసి ఓ నవ్వు నవ్వి, తలూపి పోతారు. ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా మొదలెడతారు. ఎవరెవరు పోట్లాడుకున్నారు, ఏ అట్ట వంకరగా కోశారు, మేనేజరు ఎలా నడిచాడు... నేను జవాబు చెప్పాలి కదా? ఎదురు ప్రశ్న వెయ్యాలి కదా? ఆ కాసేపటికే ఆ మాత్రలు.”

“ఈ నొప్పి గురించి ఆయనకేం చెప్పారు?”

“మోకాళ్ళని చెప్పాను.”

“మోకాళ్ళా?”

“రోజూ పడుకునే ముందు తైలం రాస్తారు పాపం. ఏ జబ్బూ లేని మోకాళ్ళు, అద్దాల్లా మెరిసిపోతున్నాయి.”

“ఆ వాచిన వేళ్ళు కనపడవా ఆయనకి?”

“బట్టలుతికి నీళ్ళలో నానాయన్నాను.”

“అమ్మా, మీ దగ్గర దాచను. వంగిపోయిన వేళ్ళు ఇక తిన్నగా రావు. మిగిలినవైనా దక్కాలంటే పట్టీలు తియ్యకూడదు, ఆ మాత్రలు ముట్టుకోకూడదు. ఉండండి, మీ కొలతకి దొరుకుతాయేమో చూసొస్తాను.”

“అలాగేనమ్మా.”

“...వెళ్ళారావిడ. ఏడవాలంటే ఏడువమ్మా.”

“ముందు నీ కళ్ళు తుడుచుకో.”

“ఒక్క మాట నాతో అనుంటే ఏం పోయేది? ఇన్నాళ్ళు ఇంత బాధ...”

“నీ నోట్లో నువ్వుగింజ నానదు. పోయి మీ నాన్నకి చెప్పేస్తావు.”

“చెప్తే తప్పేంటి? ఆయన రాయా, రప్పా? నీ మనిషి!”

“నా మనిషి కాబట్టే.”

“నాన్న మొన్న నన్నొకటి అడిగారు.”

“ఏమని?”

“వద్దులే.”

“ఏమనే?”

“నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు. ‘మీ అమ్మ ఈమధ్య నాతో పొడిపొడిగా మాట్లాడుతోంది. మాట మధ్యలో ఆపేసి లేచి వెళ్ళిపోతోంది. నా మీద కోపమా? నేనేం చేశాను?’ అని.”

“అలా అడిగారా?”

“రెండుసార్లు అడిగారు, నేనేం చేశానని.”

“నువ్వేం చెప్పావు?”

“కనుక్కుని చెప్తానన్నాను. ఇవాళ ఇంటికెళ్ళగానే అడుగుతారు. నొప్పని చెప్పేస్తానమ్మా. పాపం, ఏం తప్పు చేశానా అని ఆ మనిషి కుమిలిపోతుంటే చూడలేను.”

“వద్దు.”

“పట్టీలు చూస్తే ఎలాగూ తెలుస్తుంది!”

“ఆయనొచ్చేలోపు విప్పేస్తాను. మాత్రలు మానేస్తాను, సరేనా? నీ మీదొట్టు. వాటి జోలికి పోను.”

“మాత్రల్లేకపోతే నీ చేతులు ఆమాత్రం కూడా ఆడవు. అప్పుడేం చెప్తావు నాన్నకి?”

“నువ్వే చెప్పు. కోపమని చెప్పు.”

“అమ్మా!”

“కోపమైతే రోజూ నా ఎదురుగా కూచుని బతిమాలుతూ ఉంటారే. నొప్పని తెలిసిందంటే, నేనెక్కడ జవాబు చెప్పాల్సొస్తుందోనని ఆయన కూడా చేతులు కట్టేసుకుంటారు.”